ఆయిల్ లైటు మిణుకుతోంది, బండి వణుకుతోంది... నడపాలా? ఆపాలా?

ఎండలు ముదిరాయంటే చాలు, మాకు ఇవే ఫోన్లు. "అన్నా, సిగ్నల్ కాడ ఆగితే బండి మొత్తం వణుకుతుంది. ఆయిల్ లైటు మిణుకుమిణుకుమంటుంది. రేస్ ఇస్తే లైటు పోతుంది. ఫోర్‌మన్‌కు చెప్తే సెన్సార్ ఖరాబు, నడుపు అంటున్నడు. నడపమంటరా?" ఒకరు దమ్మామ్ నుంచి, ఒకరు జుబైల్ నుంచి, ఇంకొకరు రియాద్ నుంచి. ఊర్లు వేరైనా బండ్లు మాత్రం ఒక్కటే వరస. ఎప్పటిదో పాత మిత్సుబిషి కేంటర్, లేకుంటే దాని ఈడుదే ఇసుజు. సిమెంటు ఇటుకలో, నీళ్ల ట్యాంకో, సైటు సామానో మోసి మోసి అరిగిపోయిన బండ్లు. మీటరు ఎన్నిసార్లు తిరిగి సున్నాకు వచ్చిందో ఎవరికీ తెలియదు.

మేము మెకానిక్కులం కాము. వర్క్‌షాపు ఆఫీసులో జాబ్ కార్డులు రాసి, స్పేర్ పార్టుల బిల్లులు ఫైలు చేసేవాళ్లం. కానీ ఏళ్ల తరబడి ఒకే బండి కార్డులు ఒకదాని మీద ఒకటి పెడుతూ పోతే, మెకానిక్ కంటే ముందు మాకే ఒక్కోసారి కథ అర్థమవుతుంది. మెకానిక్ ఆ రోజు బండిని చూస్తాడు. మేము ఆరు నెలల బండిని చూస్తాం. అందుకే ఈ వారం ఈ సంగతి రాస్తున్నాం. రాసినదాన్ని సనయ్యాలో ఇద్దరు పాత ఉస్తాద్‌లకు చదివి వినిపించి, వాళ్లు సరే అన్నాకే పేపరుకు పంపుతున్నాం.

ముందు మీ ప్రశ్నకు సూటిగా జవాబు. బండి పోతుండగా, రేస్ మీద ఉండగా ఆయిల్ లైటు వెలిగి ఆరకుండా ఉంటే ఇంకేమీ ఆలోచించొద్దు. పక్కకు తీసి ఇంజిన్ ఆపండి. ఫోర్‌మన్ కాదు, ముదీర్ చెప్పినా మళ్లీ స్టార్ట్ చేయొద్దు. అలా నడిపితే ఇంజిన్ పట్టేయడానికి నిమిషాలు చాలు. ఇంజిన్ వేడెక్కాక, ఆగినప్పుడు మాత్రమే మిణుకుతూ, కొంచెం రేస్ ఇవ్వగానే ఆరిపోతుంటే, అది రేపో మాపో కొంప ముంచే జబ్బే గానీ ఈ క్షణాన ముంచేది కాదు. వెంటనే ఆయిల్ చూసుకోండి, బండిని యార్డుకు చేర్చండి, కాగితం మీద రాసివ్వండి, అదే రోజు గేజీ పెట్టి ప్రెషర్ చూడమనండి. "సెన్సార్ ఖరాబు" అన్నమాట నిజం కూడా కావచ్చు. కానీ గేజీ పెట్టి చూడనిదే ఆ మాట అనే హక్కు ఎవరికీ లేదు.

ఆ లైటు సంగతి చాలామందికి తెలియదు. అది ఆయిల్ తక్కువైందని చెప్పే లైటు కాదు. ఇంజిన్ లోపల ఆయిల్ తోపు తగ్గిందని చెప్పే లైటు. దాని స్విచ్ మామూలుగా 0.3 నుంచి 0.5 బార్ దగ్గర పని చేస్తుంది. వేడి ఇంజిన్‌కు స్లోలో ఉన్నప్పుడు కూడా సుమారు ఒక బార్ ఉండాలి, 2000 ఆర్‌పీఎం దాటితే మూడు బార్ల దరిదాపు ఉండాలి. ఇది మోటు లెక్క, మీ ఇంజిన్ సర్వీసు పుస్తకంలో ఉన్న అంకే ఫైనల్. అంటే లైటు మిణికేసరికే ప్రెషర్ ఉండాల్సినదాంట్లో సగానికి పడిపోయిందన్నమాట. లైటు ముందుగా హెచ్చరించేది కాదు, ఆలస్యంగా ఏడ్చేది.

ఇంకొకటి. తాళం తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేయకముందు ఆ లైటు వెలగాలి. వెలగలేదంటే బల్బు పోయిందో, ఎవరో మహానుభావుడు వైరు పీకేశాడో. నవ్వకండి, మా ఫైళ్లలోనే "లైట్ కంప్లయింట్ క్లోజ్డ్" అని రాసిన ఒక కార్డు ఉంది. చేసిన పని ఏమిటంటే వైరు పీకడం. కొత్త బండి చేతికి వచ్చిన రోజు తాళం తిప్పి ఆ ఒక్క లైటు చూసుకోండి. అర నిమిషం పని.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. బండి వణకడం, ఆయిల్ లైటు మిణకడం, ఈ రెండూ ఒకేసారి ఎందుకు వస్తాయి? డ్రైవర్లు రెండు జబ్బులనుకుంటారు. ఫోర్‌మన్ ఏ జబ్బూ కాదనుకుంటాడు. చాలాసార్లు అది ఒకటే జబ్బు.

మొదటి రకం తేలికైనది. ఆయిల్ పంపును తిప్పేది ఇంజినే. ఇంజిన్ నెమ్మదిస్తే పంపూ నెమ్మదిస్తుంది. 700 దగ్గర తిరగాల్సిన ఇంజిన్ డీజిల్ సరిగా అందకో, ఒక సిలిండర్ మిస్ కొట్టో 500కు పడిపోతే, పాత ఇంజిన్‌లో ప్రెషర్ కూడా లైటు వెలిగేంత కిందికి పడుతుంది. ఇక్కడ ఆయిల్ తప్పేమీ లేదు. వణుకును బాగుచేస్తే లైటు దానంతటదే పోతుంది. అందుకే తెలిసిన ఉస్తాద్ ముందు ఐడిల్ సరిచేసి, ఆ తర్వాత ప్రెషర్ కొలుస్తాడు. తెలియనివాడు ముందు ఆయిల్ పంపు విప్పుతాడు.

రెండో రకమే అసలు దొంగ. డీజిల్ వెళ్లి ఇంజిన్ ఆయిల్‌లో కలవడం. ఒక ఇంజెక్టర్ ముక్కు పాడైతే డీజిల్‌ను పొగమంచులా చిమ్మాల్సింది పోయి చుక్కలు చుక్కలుగా కారుస్తుంది. ఆ సిలిండర్ సరిగా మండదు, బండి వణుకుతుంది. మండని డీజిల్ పిస్టన్ పక్క నుంచి జారి కింద చాంబర్‌లోకి, అంటే ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ పలచబడుతుంది. పలచని ఆయిల్ బేరింగుల సందుల్లోంచి నీళ్లలా జారిపోతుంది, ప్రెషర్ నిలబడదు. నూటికి ఐదు పాళ్లు డీజిల్ కలిసినా చాలు, ఆయిల్ చిక్కదనం బాగా దెబ్బతింటుంది. చూశారా, వణుకూ లైటూ రెండూ ఒక్క ఇంజెక్టర్ నుంచే వచ్చాయి.

డీజిల్ ఇంకో దారిలో కూడా వస్తుంది. చాలా పాత జపాన్ బండ్లలో డీజిల్ పంపుకు కూడా ఇంజిన్ ఆయిలే పోతుంది. మన అరబ్బు షాపులవాళ్లు తరంబా అంటారే, ఆ పంపు. దాని లోపలి ప్లంజర్లు, సీళ్లు అరిగితే డీజిల్ అటు నుంచి అటే ఆయిల్‌లోకి దిగిపోతుంది.

మూడో రకం, రెండు వేర్వేరు జబ్బులు. ముసలి బండి కదా, ఫిల్టర్ మూసుకుపోయి వణుకుతుంటుంది, బేరింగులు అరిగి ప్రెషర్ లేకుండా ఉంటుంది. మనుషుల్లో షుగరూ మోకాళ్ల నొప్పీ కలిసి వచ్చినట్టు.

ఈ మూడింట్లో ఏదో తేల్చడానికి పైసా ఖర్చులేని పరీక్ష డిప్‌స్టిక్. బండిని చదునైన చోట ఆపి, ఇంజిన్ ఆపేసి, పది నిమిషాలు ఆగి, స్టిక్ తీసి తుడిచి మళ్లీ పెట్టి తీయండి. అందరూ తక్కువ గీత కింద ఉందా అనే చూస్తారు. మేము చెప్పేది, ఎక్కువ గీత పైన ఉందా అని కూడా చూడండి. ఆయిల్ పోయకుండానే ఆయిల్ పెరిగిందంటే అది దీవెన కాదు. డీజిలో నీళ్లో వచ్చి చేరాయి. నీళ్లయితే ఆయిల్ టీ రంగుకు, పాలు కలిసినట్టు మారుతుంది, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటాయి. డీజిల్ అయితే రంగు నల్లగానే ఉంటుంది, కానీ వేళ్ల మధ్య రుద్దితే జిగురుండదు, స్టిక్ వాసన చూస్తే డీజిల్ కంపు తెలుస్తుంది. ఒక చుక్కను తెల్ల టిష్యూ కాగితం మీద వేసి ఓ గంట వదిలేయండి. పక్కనే కొత్త ఆయిల్ చుక్క ఒకటి వేయండి. డీజిల్ కలిసిన చుక్క మధ్యలో నల్లగా ఉండి, చుట్టూ పలుచని జిడ్డు వలయం దూరం దాకా పాకుతుంది. ఇది ల్యాబ్ పరీక్ష కాదు, కానీ ఫోర్‌మన్ ముందు పెట్టడానికి పనికొచ్చే సాక్ష్యం.

మా ఫైళ్లలోని ఒక 2003 మోడల్ కేంటర్ సంగతి చెబుతాం. మొదటి కార్డు: "ఆయిల్ లైట్ ఆన్, హాట్." చేసిన పని: ప్రెషర్ స్విచ్ మార్చారు. పన్నెండు రోజులకు రెండో కార్డు: "లైట్ మళ్లీ, ఇంజిన్ షేకింగ్." చేసిన పని: ఇంజిన్ మౌంటింగ్ రబ్బర్లు మార్చారు, 15డబ్ల్యు-40 తీసేసి 20డబ్ల్యు-50 చిక్కటి ఆయిల్ పోశారు. లైటు పోయింది. అందరూ సంతోషం. రెండు వారాలకు మూడో కార్డు, అదే మాట. ఈసారి ఐడిల్ స్క్రూ తిప్పి ఆర్‌పీఎం పెంచారు. మళ్లీ లైటు పోయింది! ఈ మూడు కార్డులూ ఒక్కచోట పెట్టి చూస్తే మాకొకటి తట్టింది. ఆ రెండు నెలల్లో ఆ బండికి మధ్యమధ్యలో పోసే ఆయిల్ ఒక్క లీటరు కూడా స్టోర్ నుంచి పోలేదు. అంత పాత ఇంజిన్ ఎంతో కొంత ఆయిల్ తాగకుండా ఎట్లా ఉంటుంది? డ్రైవరన్నను అడిగితే, "మంచి బండి అన్నా, చుక్క ఆయిల్ తాగదు, స్టిక్ మీద ఎప్పుడూ ఫుల్లే" అన్నాడు. ఫుల్ కాదు, గీత దాటి వేలెడు పైన ఉంది.

ఉస్తాద్‌కు చూపించాం. ఆయన స్టిక్ ముక్కు దగ్గర పెట్టుకుని "నోజల్" అని ఒక్క మాట అన్నాడు. నాలుగు ఇంజెక్టర్లూ విప్పి సనయ్యాలో టెస్టర్ మీద పెట్టిస్తే, మూడోది చిమ్మడం లేదు, కారుతోంది. ముక్కు మార్చి, ఆయిలూ ఫిల్టరూ మార్చి, ఐడిల్ మళ్లీ మొదటి చోటుకు తెచ్చారు. వణుకు పోయింది. గేజీ పెడితే వేడి మీద స్లోలో ఒక బార్ కంటే కొంచెం పైనే చూపించింది. ఆ మూడు కార్డుల ఖర్చు కలిపితే ఒక ముక్కు ఖర్చు కంటే ఎక్కువే అయింది. ఇంకో నెల అలాగే నడిచి ఉంటే క్రాంకు, బేరింగులు పోయేవి. చిక్కటి ఆయిల్ పోయడం, ఐడిల్ పెంచడం, ఇవి రెండూ జ్వరం వచ్చినవాడి నోట్లోంచి థర్మామీటరు తీసేయడం లాంటివి.

ఆయిల్ మరీ పెరిగితే ఇంకో ప్రమాదం ఉంది. ఇంజిన్ తన ఆయిల్‌ను తానే గాలి దారిలోంచి పీల్చుకుని, డీజిల్ ఆపినా ఆగకుండా రేస్ అందుకుంటుంది. తాళం తీసినా ఆగదు. అందుకని గీత దాటి ఉందని తెలిశాక ఆ బండిని నడపకుండా ఉండటమే మంచిది.

ఇక వర్క్‌షాపులో ఏ వరసలో చూడాలి? ముందు ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. ఎందుకంటే పలచని ఆయిల్ మీద ప్రెషర్ కొలిస్తే ఆ అంకెకు అర్థం లేదు. తర్వాత ప్రెషర్ స్విచ్ విప్పి, అదే చోట ముల్లు గేజీ బిగించాలి. జపాన్ బండి స్విచ్ చూడీ వేరుగా ఉంటుంది, దొరికింది బలవంతంగా బిగిస్తే బ్లాకు చూడీ పోతుంది, సరైన అడాప్టర్ పెట్టమనండి. చల్లని ఇంజిన్ మీద చూసి "బాగుంది" అని విప్పేసేవాళ్లున్నారు. చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ చిక్కగా ఉంటుంది, అరిగిన ఇంజిన్ కూడా మంచి అంకే చూపిస్తుంది. బండిని అరగంట నడిపి, బాగా వేడయ్యాక స్లోలో ఒకసారి, 2000 మీద ఒకసారి చూడాలి. రెండు అంకెలూ కార్డు మీద రాయించండి. మా దగ్గర గేజీ అంకె రాసిన కార్డులు పదిలో ఒకటి కూడా ఉండవు, "చెక్డ్ ఓకే" అని ఉంటుంది. ఆ ఓకేతో ఏ ముదీర్ ముందూ నిలబడలేం.

గేజీ బాగా చూపించి లైటు వెలుగుతుంటే, అప్పుడు స్విచ్చో వైరో అనుకోవచ్చు. చల్లగా బాగుండి, వేడి మీద స్లోలో మాత్రం పడిపోయి, రేస్ మీద లేస్తుంటే ఆయిల్ పలచబడిందో, బేరింగులు అరిగాయో. రేస్ ఇచ్చినా లేవకపోతే పంపు, రిలీఫ్ వాల్వు, లేదా చాంబర్ అడుగున ఉండే జాలీ మడ్డితో మూసుకోవడం. జాలీ విషయం ఎందుకు చెబుతున్నామంటే, ప్యాకింగ్‌కు బదులు సిలికాన్ గమ్ము ఇష్టమొచ్చినట్టు పూసేవాళ్లు ఎక్కువ. ఆ గమ్ము ముక్కలు లోపల ఊడిపడి జాలీకి అంటుకుంటాయి. ఆయిల్ పంపు ఇరుసు అరగడం మనవాళ్లు అనుకున్నంత తరచుగా జరిగేది కాదు. బరువు మీద కింద నుంచి ఠక్ ఠక్ మంటుంటే మాత్రం బేరింగుల దాకా వచ్చినట్టే. ఆ బండిని క్రేన్ మీద తెప్పించుకోవడమే.

ఇప్పుడు వణుకు. పాత డీజిల్ బండికి ముందుగా చూడాల్సింది డీజిల్ ఫిల్టరు, దాని కింద చేరిన నీళ్లు, పైపుల్లో గాలి. ట్యాంకు నుంచి పంపు దాకా వచ్చే రబ్బరు పైపులు ఇక్కడి ఎండకు పర్రెలు ఇస్తాయి. బయటికి డీజిల్ కారకపోయినా లోపలికి గాలి పీల్చుకుంటాయి. పొద్దున స్టార్ట్ కావడానికి ఎక్కువసేపు సెల్ఫ్ కొట్టాల్సి వస్తే, స్టార్ట్ అయ్యాక కాసేపు వణికి సర్దుకుంటే, గాలి మీద అనుమానం పెట్టుకోండి. పొగ రంగు కూడా చూడండి. తెల్లపొగ, కళ్లు మండే వాసన ఉంటే డీజిల్ మండకుండా పోతోంది. నల్లపొగ అయితే గాలి తక్కువ. ఇసుక గాలులు వచ్చిన వారం ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడకుండా ఇంజెక్టర్ల జోలికి పోవద్దు. నీలిపొగ అయితే ఆయిల్ మండుతోంది, అది వేరే కథ.

ఇవన్నీ బాగుంటే ఏ సిలిండర్ పని చేయడం లేదో తేల్చాలి. పాత ఉస్తాద్‌లు ఇంజిన్ స్లోలో నడుస్తుండగా ఇంజెక్టర్‌కు పోయే ఇనుప పైపు నట్టును ఒక్కొక్కటిగా కొంచెం వదులు చేస్తారు. వదులు చేయగానే ఇంజిన్ ఇంకా కుంగిపోతే ఆ సిలిండర్ పని చేస్తున్నట్టు. ఏ తేడా రాకపోతే అదే దొంగ సిలిండర్. అప్పుడు ఆ ఇంజెక్టర్‌ను టెస్టర్ మీద పెట్టాలి. ఇంజెక్టర్ బాగుంటే కంప్రెషన్ చూడాలి, వాల్వులో రింగులో.

ఈ నట్టు పరీక్ష మెకానిక్ పని. డ్రైవర్లు చేయొద్దు. దానికీ ఒక పెద్ద హెచ్చరిక ఉంది. ఇది పాత మెకానికల్ పంపు బండ్లకు మాత్రమే. కామన్ రైల్ వచ్చిన కొత్త బండ్లలో పైపులో 1000 బార్ పైన ఉంటుంది. అక్కడ నట్టు వదిలితే డీజిల్ కత్తిలా వస్తుంది. పాత బండిలో కూడా ఇంజెక్టర్ ముక్కు తెరుచుకునేది 200 బార్ దరిదాపున. చిమ్మే డీజిల్ చర్మంలోంచి లోపలికి దూరిపోతుంది. పైకి సూది గుచ్చినంత చుక్కే కనబడుతుంది, నొప్పి కూడా ముందు పెద్దగా ఉండదు. అది చూసి క్యాంపుకు పోయి పడుకోవద్దు. ఆ గంటలోనే ఆస్పత్రికి పోయి డీజిల్ లోపలికి దూరిందని చెప్పాలి. ఆలస్యమైతే వేలు, చేయి తీసేయాల్సి వచ్చే గాయం అది.

బండి వణుకుతుంటే నడిపేవాడికి ఏమిటి నష్టం అనుకోవద్దు. చాలా పాత కేంటర్లలో బ్రేకుకు బలమిచ్చే వాక్యూమ్ పంపు ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది. సిగ్నల్ దిగుతుండగా ఇంజిన్ ఆగిందంటే రెండు మూడు తొక్కుళ్ల తర్వాత బ్రేకు రాయిలా గట్టిపడుతుంది, పవర్ స్టీరింగూ బరువెక్కుతుంది. వెనక ఇటుకల లోడు ఉంటుంది. దమ్మామ్-రియాద్ రోడ్డు మీద 110లో పోయే ట్రెయిలర్ల మధ్య ఇంజిన్ పట్టేస్తే ఎట్లుంటుందో మీకు మేము చెప్పాల్సిన పని లేదు.

ఈ జబ్బు ఎండాకాలంలోనే ఎందుకు ఎక్కువ అని ఒకరు అడిగారు. వేడికి ఆయిల్ పలచబడటం ఒకటి. ఇంకోటి మనం చేసే పనే. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని బంద్ కదా. ఆ మూడు గంటలూ ఏసీ కోసం బండి స్టార్ట్‌లో పెట్టుకుని అందులోనే పడుకునేవాళ్లు ఎందరో. బయట 47 డిగ్రీలుంటే పడుకోక ఏం చేస్తారు? తప్పు పట్టలేం. కానీ స్లోలో గంటలకొద్దీ నడిచే ఇంజిన్ లోపల సరైన వేడి రాదు, డీజిల్ పూర్తిగా మండదు, ముక్కుల మీద మసి కడుతుంది, మిగిలిన డీజిల్ ఆయిల్‌లోకి దిగుతుంది. పైగా మీటరు మీద ఒక్క కిలోమీటరు కూడా పెరగదు. ఒక గంట స్లో అంటే సుమారు 40 కిలోమీటర్లు నడిచినట్టే లెక్క వేయాలంటారు. అంటే రోజుకు మూడు గంటల చొప్పున నెలకు పాతిక రోజులు అలా నిలబడితే 3000 కిలోమీటర్ల అరుగుదల, మీటరుకు తెలియకుండా! ఆఫీసు మాత్రం కిలోమీటర్లు చూసి "ఆయిల్ చేంజ్‌కు ఇంకా టైముంది" అంటుంది. మేము మా యార్డులో ఎండాకాలం కార్డుల మీద స్లోలో నిలబడ్డ గంటలు కూడా రాయడం మొదలుపెట్టాం. మీ టైమ్‌షీటులో ఒక మూల మీరూ రాసుకోండి. దీనికి అసలు మందు సైటులో నీడ, చల్లని గది. అది కంపెనీ ఇవ్వాల్సింది.

ఇక చివరగా, చాలామంది నోరు తెరిచి అడగని సంగతి. ఇంజిన్ పోతే ఎవరు కట్టాలి?

సౌదీ కార్మిక చట్టం, 2005లో వచ్చినది, 91వ ఆర్టికల్‌లో ఈ ముచ్చట ఉంది. కార్మికుడి తప్పు వల్లనో, యజమాని ఇచ్చిన సూచనలు మీరడం వల్లనో యంత్రం పాడైతేనే జీతంలో కోత పెట్టవచ్చు. అదీ నెలకు ఐదు రోజుల జీతం దాటకూడదు. ఆ తప్పు మీది కాదనిపించినా, వేసిన లెక్క ఎక్కువనిపించినా మీరు ఫిర్యాదు చేయవచ్చు, కానీ 15 పనిదినాల్లోపే చేయాలి. 93వ ఆర్టికల్ ప్రకారం అన్ని రకాల కోతలూ కలిపినా, కోర్టు ఒప్పుకుంటే తప్ప, జీతంలో సగం దాటకూడదు. 2018 నుంచి ఈ కేసులు లేబర్ కోర్టులకు పోతున్నాయి, దానికి ముందు లేబర్ ఆఫీసులో రాజీకి కూర్చోబెడతారు. ఇదంతా కంపెనీ వీసా మీద వచ్చినవాళ్లకు. ఇంటి డ్రైవర్లు ఈ చట్టం కిందికి రారు, వాళ్లకు వేరే నియమాలున్నాయి. దుబాయి, ఖతార్, కువైట్‌లలో చట్టాలు వేరు, అక్కడివారు అక్కడిదే అడిగి తెలుసుకోండి.

తప్పు ఉంటేనే కోత అన్నారు కదా. మరి లైటు వెలిగిందని మీరు ముందే చెప్పారన్నదానికి రుజువేది? నోటితో చెప్పింది గాలికి పోతుంది. ఫోర్‌మన్ మారిపోతాడు, లేదా గుర్తులేదంటాడు. అందుకని లైటు మొదటిసారి మిణికిన రోజే రాసివ్వండి. పెద్ద ఇంగ్లీషు అక్కర్లేదు. తేదీ, టైము, బండి నంబరు, మీటరు రీడింగు, "ఆయిల్ లైట్ ఆన్, ఇంజిన్ హాట్, ఐడిల్ షేకింగ్" అంతే. ఇంగ్లీషు రాకపోతే మీ రూములో రాసేవాడు ఒకడు ఉండనే ఉంటాడు. అరబిక్‌లో చెప్పాలంటే "జైత్ మకీనా లైట్" అన్నా అర్థమవుతుంది. ఫోర్‌మన్ సంతకం పెడితే మంచిది, పెట్టకపోతే ఆ కాగితాన్ని బండి డాష్‌బోర్డు మీద, వెలుగుతున్న లైటు పక్కన పెట్టి ఫోన్‌తో ఫొటో తీసి ఆయనకే పంపండి. ఫొటోకు తేదీ దానంతటదే ఉంటుంది. ఆ తర్వాత కూడా నడపమంటే "రాసివ్వండి సార్, నడుపుతాను" అని మర్యాదగా అడగండి. మేము చూసినంతలో ఈ మాట అన్నాక గేజీ ఎక్కడి నుంచో దొరుకుతుంది.

ఈ మధ్య ఒక తమ్ముడు అడిగాడు, షాపుల్లో డబ్బాలో అమ్మే ఆయిల్ ప్రెషర్ మందు పోయవచ్చా అని. సొంత డబ్బుతో కొని పోద్దామనుకున్నాడట, ఫోర్‌మన్‌తో మాట పడకుండా. పోయొద్దు తమ్ముడూ. అది ఆయిల్‌ను చిక్కబరుస్తుంది, అంతే. డీజిల్ కారుతుంటే కారుతూనే ఉంటుంది. పైగా రేపు ఇంజిన్ విప్పినప్పుడు "నువ్వేదో పోశావు" అన్న మాట నీ మీదికి వస్తుంది. ఆ డబ్బు ఇంటికి పంపుకో, స్టిక్ మాత్రం రోజూ పొద్దున చూసుకో.